బాప్తిస్మం మర్నాడు

నీళ్లలోంచి పైకి వచ్చిన రోజు సంఘమంతా చూస్తుంది, పాడుతుంది, ఫొటోలు తీస్తుంది. విశ్వాసం పెరిగేదైనా వాడిపోయేదైనా ఆ తర్వాత వచ్చే మామూలు రోజుల్లోనే. ఆ రోజుల్ని ఎలా గడపాలో తెలుగు పల్లెలు ఒకప్పుడు చాలా శ్రద్ధగా నేర్చుకున్నాయి.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు నీళ్లలో నిలబడేవారు, వాళ్లు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు. అంతకు ముందు రెండేళ్లు మహా కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కానీ కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఆగమని చెప్పాడు. కరువు పని ముగిసింది, పంచడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడూ జనం వచ్చారు.

మిషన్ చరిత్రలన్నీ ఆ సంఖ్యను రాసుకున్నాయి. నా మనసు మాత్రం ఎప్పుడూ జూలై 4 దగ్గర ఆగుతుంది. తల ఆరకముందే వాళ్లంతా తమ పల్లెలకు నడిచి వెళ్లిపోయారు. అక్కడ అదే వెట్టి, అదే అప్పు, అదే కల్లు దుకాణం. ఎక్కువమంది మాదిగ పేటల వాళ్లు, అక్షరం రాని వాళ్లు. ఊరి జాతరకు డప్పు కొట్టాల్సిన బాధ్యత వాళ్లదే. వాళ్లకు మిషన్ చెప్పిన మొదటి నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్నవి. వారంలో ఒక రోజు పొలానికి రానన్న కూలివాణ్ని, జాతరకు డప్పు కొట్టనన్న మాదిగను ఆ రోజుల్లో ఊరి పెద్దలు ఊరికే వదల్లేదు. దెబ్బలు పడ్డాయి, బావి నీళ్లు ఆగాయి, పని పోయింది. వాళ్ల శిష్యత్వం పుస్తకంతో మొదలు కాలేదు, ఆదివారంతో మొదలైంది.

ఇవాళ మన సంఘాల్లో బాప్తిస్మానికి ముందు తరగతులుంటాయి. తర్వాత చాలాచోట్ల ఏమీ ఉండదు. ధ్రువపత్రం ఇంట్లో బీరువాలోకి పోతుంది. కొత్త విశ్వాసి కూటాలకు వస్తాడు, చేతులెత్తి పాడతాడు, ఏడుస్తాడు, ఇంటికి వెళ్తాడు. ఏడాది తిరిగేసరికి ఎక్కడున్నాడో అడిగేవాళ్లుండరు. విశ్వాసంలో ఎదగడానికి పెద్ద అనుభవాలు అక్కర్లేదని, చిన్న అలవాట్లు చాలని, అయితే వాటిని ఎవరూ ఒంటరిగా నిలబెట్టుకోలేరని నా నమ్మకం. దీనికి మన నేల మీదే గట్టి సాక్ష్యం ఉంది.

దోర్నకల్ నేర్పిన పాఠం

వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకలే ఆయన ఊరు. ఆ కాలంలో దోర్నకల్ అధ్యక్ష మండలంలోని సభ్యులు రెండు లక్షలు దాటారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు.

అంతమందిని ఎవరు పెంచారు? పెద్ద ప్రసంగీకులు కాదు. ప్రతి పల్లెలోనూ ఒక ఉపదేశి, ఆయన భార్య. ఉపదేశితో పాటు భార్యకూ శిక్షణ ఉండాలని అజరయ్య పట్టుబట్టాడు. ఆయన భార్య అన్బు ఆ పనిలో ముందుండి నడిచింది. పేటలోని స్త్రీకి నేర్పేది స్త్రీయే కదా. పొద్దంతా నాట్లలో, కోతల్లో ఉండే వాళ్లకు పగలు బడి పెట్టి లాభం లేదు. అందుకని రాత్రి అన్నాలయ్యాక దీపం దగ్గర చేరేవారు. పాట, బైబిలు కథ, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు. అన్నీ నోటికే. చదవడం రాని తల్లి పది ఆజ్ఞలు వప్పజెప్పిందంటే అవి ఆమె పొలంలోనూ, పొయ్యి దగ్గరా ఆమెతోనే ఉన్నట్టు.

ఇంకో పద్ధతి నాకు మరీ ఇష్టం. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత అజరయ్య వాళ్ల తల మీద వాళ్ల చెయ్యే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటల్ని పలికించేవాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలోది ఆ మాట. ఇంకా ఆ నీళ్లు కారుతుండగానే, అక్షరం రాని పాలేరు కూడా తానే బోధకుడినని ఒప్పుకున్నట్టు. నేర్చుకోవడం పూర్తయ్యాక చెప్పుదువులే అని అజరయ్య ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఏటా ఒక వారం సాక్ష్యానికి కేటాయిస్తే పల్లె పల్లెంతా పాడుకుంటూ పక్క ఊళ్లకు వెళ్లేది. పేటల్లో తాగుడు తగ్గి, తగాదాలు తగ్గి, ఇళ్లు శుభ్రపడటం చూసి ఊళ్లోని ఇతర కులాల వాళ్లూ సంఘంలోకి వచ్చారు. మైకులో చెప్పే సాక్ష్యానికీ దీనికీ ఎంత తేడా!

1930ల్లో వాస్కమ్ పికెట్ అనే మెథడిస్టు మిషనరీ మన దేశంలోని సామూహిక మతమార్పిడులను పరిశీలించి 1933లో పెద్ద పుస్తకం ప్రచురించాడు. ఎవరు ఏ ఉద్దేశంతో వచ్చారన్న దానికంటే, వచ్చాక వాళ్లకు దొరికిన బోధ, ఆరాధన, కాపరి శ్రద్ధ వాళ్ల ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించాయని ఆయన చూపించాడు. ఇది ప్రతి పాస్టరు గదిలో రాసి పెట్టుకోవలసిన సంగతి.

వాగ్దానం వెనుక అధ్యాయం

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకోవడం మనకు ఎంతో ఇష్టం. పళ్లెంలోంచి ఒక కార్డు తీస్తాం, ఏడాదంతా దాన్ని ఇంటి గోడ మీద ఉంచుకుంటాం. ఆ అలవాటును తప్పు పట్టను. ఆ ఒక్క వచనంతో ఆగిపోవడం దగ్గరే నా బాధ.

యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనమే తీసుకోండి. దేవుని ఉద్దేశాలు మేలైనవని, మంచి రోజులు ముందున్నాయని చెప్పే ఆ వచనం లేని క్రైస్తవ ఇల్లు అరుదు. దానికి ముందు వచనం చదివినవాళ్లు తక్కువ. డెబ్భై ఏళ్లు చెరలోనే ఉండాలని అక్కడ ఉంది. బబులోనుకు బందీలుగా వెళ్లినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్నం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంటాడు. మోసపు మాటలు చెప్పే ప్రవక్తల్ని నమ్మవద్దంటాడు. అధ్యాయం మొత్తం చదివినవాడికి ఆ వాగ్దానం చిన్నదైపోదు. వీసా రానప్పుడు, పరీక్ష తప్పినప్పుడు, జబ్బు తగ్గనప్పుడు అతన్ని నిలబెట్టేంత బరువు దానికి వస్తుంది.

కాబట్టి చదవడం మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: ఆదికాండం నుంచి మొదలుపెట్టి లేవీయకాండంలో ఆగిపోకండి. మార్కు సువార్త పట్టుకోండి. పదహారే అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున పదహారు రోజులు. కళ్లతో కాదు, గొంతెత్తి చదవండి. పాత తర్జుమా గ్రాంథికం కష్టమనిపిస్తే వాడుక భాషలో వచ్చిన తర్జుమాలున్నాయి, పక్కన పెట్టుకోండి. చదివాక మూడు ప్రశ్నలు చాలు: యేసు ఇక్కడ ఏం చేశాడు? ఎవరు నొచ్చుకున్నారు? ఇవాళ నేను చేయాల్సింది ఏమైనా ఉందా? మూడోదానికి జవాబు దొరికితే అది చేసేదాకా తర్వాతి అధ్యాయానికి వెళ్లకండి. మార్కు అయ్యాక అపొస్తలుల కార్యాలు, ఆ తర్వాత కీర్తనలు. బైబిలు మొత్తంలో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతుంది కానీ, తొలి ఏడాదే ఆ పందెం పెట్టుకోనక్కర్లేదు.

పాటలూ పాఠాలే. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటివాళ్లు రాగతాళాలతో కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇంకా ఉన్నాయి. చదువు రాని మన నానమ్మలు సిద్ధాంతం నేర్చుకున్నది వాటిలోనే. నాలుగు చరణాలు నోటికి వచ్చిన బిడ్డకు ఎవరూ తీసుకుపోలేని ఆస్తి దొరికినట్టు. స్క్రీను మీద మాటలు చూసి పాడే అలవాటు వచ్చాక ఈ ఆస్తి తరుగుతోంది. పిల్లలకు కనీసం పది కీర్తనలైనా పుస్తకం లేకుండా వచ్చేలా చూడండి.

ప్రార్థనకు ఒక వేళ

దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించేవాడు. రాజాజ్ఞ వచ్చిన రోజున కొత్తగా ధైర్యం తెచ్చుకోలేదు, అలవాటు ప్రకారమే చేశాడు. వేళ అంటూ లేని ప్రార్థన మొదటి వారం ఉత్సాహంగా ఉంటుంది, రెండో వారం గుర్తుకొస్తుంది, మూడో వారం మరుగున పడుతుంది. పొద్దున కాఫీకి ముందో, పిల్లలు బడికి వెళ్లాకో, షిఫ్టు దిగాకో, ఎవరి వీలు వాళ్లది. వేళ మాత్రం ఒకటే ఉండాలి.

ఏం మాట్లాడాలో తెలియదంటారు కొందరు. కీర్తనల గ్రంథం అందుకే ఉంది. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొర పెట్టుకునేవి, ఎంతకాలం దేవా అని నిలదీసేవి. స్తుతి రానప్పుడు వాటిని మీ నోటితో చదివితే అదే ప్రార్థన. ఒక చిన్న నోటుపుస్తకంలో ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో పేర్లు, తేదీ రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే దేవుడు మీతో ఏం చేస్తున్నాడో కొంత అర్థమవుతుంది. మీరు ఎవరి పేరు ఎప్పుడూ రాయలేదో కూడా అర్థమవుతుంది.

కుటుంబ ప్రార్థన మన దగ్గర పాత ఆచారం. దాన్ని గంట చేస్తే పిల్లలు పారిపోతారు. టీవీ, ఫోన్లు ఆపి పది నిమిషాలు కూర్చోండి: ఒక పాట, చిన్నపిల్ల చదివే ఒక భాగం, ఆ రోజు ఎవరికి ఎవరు క్షమాపణ చెప్పాలో ఒక మాట, ప్రభువు ప్రార్థన. తండ్రి పిల్లల ముందు తల్లిని క్షమించమని అడిగిన ఇంట్లో పిల్లలకు సువార్త విడిగా నేర్పక్కర్లేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లేవాళ్లు ఒకసారి యెషయా 58 తెరవాలి. ఉపవాసం ఉంటూనే కూలివాళ్లను పీడించేవాళ్లను దేవుడు అక్కడ గద్దిస్తాడు. తనకు ఇష్టమైన ఉపవాసం కాడి విరగ్గొట్టడమని, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమని చెబుతాడు. మీరు మానేసిన ఆ పూట భోజనం ఎవరి పళ్లెంలోకి వెళ్లింది? ఆ ప్రశ్నకు జవాబున్న ఉపవాసం మీదే నాకు నమ్మకం.

గుప్పెడు బియ్యం

అన్నం వండబోయే ముందు గుప్పెడు బియ్యం తీసి విడిగా ఒక కుండలో పోయడం, ఆదివారం దాన్ని గుడికి తేవడం మన పల్లె సంఘాల్లో స్త్రీలు నిలబెట్టిన పద్ధతి. ఇచ్చింది మిగులు లేని ఇళ్ల నుంచి. కూలివాళ్ల దగ్గర కానుక అడగడం న్యాయమా అన్నవాళ్ల మాట అజరయ్య ఒప్పుకోలేదు. పేదవాడికి ఇచ్చే హక్కు లేదనడం అతన్ని ఎప్పటికీ చేయి చాచేవాడిగానే ఉంచడమని ఆయన భావం. క్రైస్తవుడు ఇవ్వవలసిన తీరు గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం తర్వాత విదేశాల్లోనూ అచ్చయింది. కోతల పండుగకు దోర్నకల్‌లో ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు, అన్నీ కానుకలే.

పౌలు కొరింథు సంఘానికి చెప్పిందీ అదే: వారం మొదటి రోజున ఎవరి రాబడి కొద్దీ వాళ్లు కొంత తీసి పక్కన పెట్టండి. అంటే ఖర్చులయ్యాక మిగిలింది కాదు, ముందే తీసింది. జీతం వచ్చిన రోజునే మీ కానుకను వేరు చేయండి. దానిలో కొంత భాగం సంఘానికి కాకుండా నేరుగా ఒక మనిషి అవసరానికి పోవాలి. ఫీజు కట్టలేని పిల్లాడు కావచ్చు, మందులు కొనుక్కోలేని వృద్ధురాలు కావచ్చు.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. ఇంత ఇస్తే ఇన్నింతలు తిరిగి వస్తుందని వేదిక ఎక్కి చెప్పే బోధ శిష్యత్వం కాదు. అది పేదవాడి జేబుకు వల. యేసు జక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు జక్కయ్యకు డబ్బు పెరగలేదు, తగ్గింది. ఆస్తిలో సగం బీదలకు పోయింది, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇచ్చాడు. ఆ రోజు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు చెప్పింది ఆ లెక్క విన్నాకే. మన ఇంటి పనిమనిషికి ఇచ్చే జీతం, మేస్త్రీకి బాకీ ఉన్న కూలి, ఆఫీసులో వేసే బిల్లులు, వీటిలోకి రాని విశ్వాసం ఆదివారం దాటి బతకదు.

ఒకే చాప, ఒకే విస్తరి

భక్తసింగ్ పంజాబీ. ఇంజినీరింగ్ చదవడానికి ఇంగ్లండుకు, అక్కడి నుంచి కెనడాకు వెళ్లి, అక్కడ బైబిలు చదివి యేసును నమ్మి 1933లో తిరిగి వచ్చాడు. హైదరాబాద్‌లో గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ఆయన పరిచర్యకు కేంద్రమైంది. 2000 సెప్టెంబరులో ఆ నగరంలోనే చనిపోయాడు. ఆయన సంఘాల్లో ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది. అధికారి, రిక్షా తొక్కేవాడు, డాక్టరు, ఇటుకబట్టీ కూలి ఒకే చాప మీద కూర్చుని ఒకే అన్నం తింటారు. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో తొలి విశ్వాసులు పట్టుకున్న నాలుగు పనులూ, అంటే బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన, ప్రతి సంఘానికీ స్తంభాలని ఆయన నేర్పాడు. సహవాసమంటే చేయి కలిపి వెళ్లిపోవడం కాదని ఆ చాప చెబుతుంది.

ఈ సంగతి రాయకుండా శిష్యత్వం గురించి రాయడం నాకు సాధ్యం కాదు: తెలుగు సంఘాల్లో కులం ఉంది. మాలల గుడి, మాదిగల గుడి, పైకులాల నుంచి వచ్చినవాళ్ల గుడి అని ఊళ్లలో పేర్లే ఉన్నాయి. సంస్కారంలో ఒకే రొట్టె తిన్నవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి పత్రికలో కులం రాసి ప్రకటన ఇస్తారు. కొరింథులో ఉన్నవాళ్లు ముందే తిని, లేనివాళ్లు ఆకలితో ఉంటే పౌలు ఎంత కోపంగా రాశాడో మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలో చదవండి. అలా తినేది ప్రభువు భోజనమే కాదన్నాడు. వ్యక్తిగతంగా ఎంత ప్రార్థించినా, ఇంకో కులం విశ్వాసి ఇంట్లో అన్నం తినని వాడు, అతన్ని తన ఇంటికి పిలవని వాడు ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాడు. ఈ నెలలో ఒక ఆదివారం ఆ పని చేయండి. వాళ్లింటికి వెళ్లి తినండి, మీ ఇంటికి పిలిచి పెట్టండి.

రాజీ కూడా ప్రభువు బల్ల దగ్గరి పనే. కానుక తెచ్చినప్పుడు సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పాడు. తప్పు ఎవరిదని అడగలేదు, వెళ్లమన్నాడు. ఆస్తి తగాదాతో మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే గుడిలో వేర్వేరు వరసల్లో కూర్చునే మన ఊళ్లలో దీనికి మించిన ఆత్మీయ కసరత్తు లేదు.

అడిగే మనిషి ఒకరు

ఇప్పుడు వాక్యానికి కొదవ లేదు. ఫోన్‌లో రోజంతా ఎవరో ఒకరు ప్రసంగిస్తూనే ఉంటారు. మంచివాళ్లూ ఉన్నారు. అయితే ఆ ప్రసంగీకుడికి మీ పేరు తెలియదు. మీరు తాగుడు మళ్లీ మొదలెట్టారని, భార్య మీద చెయ్యెత్తారని, మూడు వారాలుగా ప్రార్థన మానేశారని ఆయన అడగడు. అడగగలిగే మనిషి పక్కనుండాలి.

అపొల్లో గొప్ప వక్త, లేఖనాలు ఔపోసన పట్టినవాడు. ఎఫెసులో అతని మాట విన్న అకుల, ప్రిస్కిల్ల దంపతులు సమాజమందిరంలో లేచి తప్పు పట్టలేదు. ఇంటికి తీసుకువెళ్లి మార్గాన్ని ఇంకా పూర్తిగా వివరించారు. గుడారాలు కుట్టుకునే ఆలుమగలు ఆ పని చేశారు. ఒంగోలులోనూ అలాగే జరిగింది. ఆ సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. దాన్ని పల్లెలకు మోసినవాళ్లలో మొదటివాడు తోళ్ల పని చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య. చుట్టాల ఇళ్లకు నడిచి వెళ్లాడు, వాళ్ల అరుగుల మీద కూర్చున్నాడు, తనకు తెలిసింది చెప్పాడు. భార్య నాగమ్మ పక్కనే ఉంది. పౌలు తిమోతికి అప్పగించిన పని కూడా ఇదే: తన దగ్గర విన్నది నమ్మకమైనవాళ్లకు ఇవ్వడం, వాళ్లు ఇంకొకరికి ఇవ్వడం. ఆ ఒక్క వచనంలో నాలుగు తరాలున్నాయి.

పాస్టర్లకు నాదొక విన్నపం. ఆదివారం ఎంతమంది వచ్చారన్న లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టండి. గత ఏడాది మీరు బాప్తిస్మమిచ్చిన వాళ్ల పేర్లు తీయండి. ఒక్కో పేరుకూ సంఘంలోని అనుభవమున్న ఒక మనిషిని జత చేయండి, స్త్రీకి స్త్రీని, యువకుడికి నమ్మదగిన పెద్దను. వారానికి ఒకసారి కలవాలి, కలిసి చదవాలి, ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలి, నిజంగా ఎలా ఉన్నావని అడగాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, మైకు అక్కర్లేదు.

చదువుతున్న మీకు కూడా. కూటంలో మీ పక్కన కూర్చుని, అయిపోగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయే కొత్త మనిషి ఒకరు ఈ సరికి మీ మనసులో మెదిలే ఉంటారు. ఈ ఆదివారం అతన్ని ఆపి పేరు అడగండి, భోజనానికి రమ్మనండి, మార్కు మొదటి అధ్యాయం ఇద్దరూ కలిసి చదవడానికి ఒక సాయంత్రం ఖాయం చేసుకోండి.